గొట్టంలో నీళ్ళు

డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున మా ఆయన మంచం మీద లేచి కూర్చుని, ముక్కు మీది మాస్కు ఊడదీసి, "బీనా, నీళ్ళు ఎక్కువ పోసినావా?" అని కేక పెట్టారు. నేను వంటింట్లో ఇడ్లీ పిండి కలుపుతున్నాను. పిండి చేతులతోనే పోయి చూశాను. మాస్కులో నీళ్ళు, మీసాల మీద నీళ్ళు, దిండు సగం తడి. మిషను పెట్టిన అర మీది నుంచి కూడా సన్నగా గోడ వెంట కారుతున్నాయి.

"నిద్రలో ముక్కులోకి పోయినాయి. ఊపిరాడక లేచినా. రోజూ చేసే పనే కదా, అదన్నా సరిగ్గా చెయ్యకపోతే ఎట్ల?" అన్నారు.

ఆయన నిద్రలో ఊపిరి ఆగిపోయే మనిషి. ఆగస్టులో డాక్టరమ్మ ఈ మిషను రాసింది. చిన్న పెట్టె, దాని పక్కన ఒక నీళ్ళ డబ్బా, పొడుగాటి గొట్టం, ముక్కు మీద మాస్కు. పెట్టె గాలి ఊదుతుంది, డబ్బాలో వెచ్చబడిన నీళ్ళు ఆ గాలికి తేమ ఇస్తాయి, గొంతు మూసుకుపోకుండా ఆయన పడుకుంటారు. పొద్దున్నే డబ్బాలో మిగిలిన నీళ్ళు పారబోసి, కడిగి, గొట్టం దులిపి ఆరేసి, మాస్కు తుడిచి, సాయంత్రం డిస్టిల్డ్ వాటర్ గీత వరకు పోసి పెట్టడం నా పని. నా పని అని ఎవరూ చెప్పలేదు. మిషను ఇంటికొచ్చిన రోజు పెట్టెలోని పుస్తకాన్ని ఆయన నా చేతికిచ్చారు, అంతే.

ఆ మిషను మార్కులు కూడా వేస్తుంది. ఎన్ని గంటలు పడుకున్నారు, ఎన్నిసార్లు ఊపిరి ఆగింది అని లెక్కగట్టి పొద్దున్నే ఫోనులో నూటికి ఇన్ని అని చూపిస్తుంది. ఆయన ఇడ్లీ తింటూ ఆ మార్కులు మా అత్తమ్మకు చదివి వినిపిస్తారు. "తొంభై ఆరు మా." అత్తమ్మ విమలమ్మ, "స్తోత్రం" అంటుంది. నేను రెండో వాయ ఇడ్లీలు తీస్తూ వింటాను. నాకు కుళ్ళుగా ఉంటుంది. భర్త బాగుపడితే ఏ భార్యకైనా సంతోషంగా ఉండాలి కదా. నాకు లేకపోలేదు. కానీ ఆ తొంభై ఆరు విన్నప్పుడల్లా కడుపులో ఏదో మండుతుంది. యాభై రెండేళ్ళ మనిషి ముఖం నాలుగు నెలల్లో నున్నబడింది. చర్చిలో మళ్ళీ పాటలు పాడుతున్నారు, కొత్త చొక్కాలు కొనుక్కున్నారు. నేను నలభై ఏడుకే కళ్ళ కింద నలుపుతో, లేచేసరికి తలపోటుతో, ఏడుంబావు బస్సులో మదనపల్లె నుంచి పుంగనూరుకు పోతాను. అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచర్ని. బస్సులో కూర్చుంటే కళ్ళు మూతపడతాయి. రెండుసార్లు పుంగనూరు దాటి పోయాను. "ఇంట్లో నిద్రపోరా టీచర్?" అని హెడ్మాస్టరు అందరి ముందర నవ్వాడు. తెచ్చుకున్న టిఫిన్ బాక్సు మూత పెట్టుకుంటూ నేనూ నవ్వాను.

మిషను రాకముందు ఎనిమిదేళ్ళు ఆయన ఊపిరికి నేనే కాపలా. గురక ఠక్కున ఆగితే నాకు మెలకువ వచ్చేది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ, ఇరవై దాటితే భుజం పట్టి కుదిపేదాన్ని. "యాల లేపతావు? నిద్ర కూడా పోనీవా?" అని విసుక్కుని అటు తిరిగి పడుకునేవారు. డాక్టరు దగ్గరికి పోదామని ఎనిమిదేళ్ళు బతిమాలింది నేను. ఆగస్టు చివరి ఆదివారం చర్చిలో ఆయన సాక్ష్యం చెప్పారు. ముందు దేవునికి వందనాలు చెప్పారు, తర్వాత డాక్టరమ్మకు, ఆ తర్వాత మిషను బిగించి నేర్పించిన అమరావతికి. "ఆ పాప రాకుంటే నేను ఈరోజు మీ ముందర ఉండేవాణ్ణి కాదు" అన్నారు. ఆడవాళ్ళ వైపు రెండో వరసలో నేను తల వంచుకుని చీర అంచు సర్దుకుంటున్నాను. నా పేరు ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ ఉండగానే ఆయన వచ్చి కూర్చున్నారు.

అమరావతిది బైరెడ్డిపల్లె దగ్గర ఒక పల్లె. ఇలాంటి మిషన్లు అమ్మే కంపెనీలో పని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అన్నీ ఆ పిల్లే చూసుకుంటుంది. ముప్పై ఏళ్ళుంటాయి. బ్యాగు భుజాన వేసుకుని స్కూటీ మీద వచ్చి, గంట సేపు మా ఆయనకు మాస్కు పట్టీలు సర్ది వెళ్ళింది. ఆ తర్వాత నుంచి చిన్న సందేహం వచ్చినా ఆయన ఆ పిల్లకే ఫోన్ చేస్తారు. నేను ఏదైనా చెబితే "నీకేం తెల్సు, ఉండు, అమరావతిని అడగతా" అంటారు. ఫోనులో ఆయన గొంతు మారుతుంది. మెత్తగా, నిదానంగా, ఒక మాట చెప్పి అవతలి మాట వినే మనిషి గొంతు. నాకు ఆ గొంతు మీద ఈర్ష్య. అది ఆయన దగ్గర ఉందని ఇరవై మూడేళ్ళ కాపురంలో నాకు తెలియలేదు.

ఆ పొద్దున కూడా తడి దిండు పక్కన పెట్టి ఫోన్ చేశారు. "మా ఇంట్లోవాళ్ళు నీళ్ళు ఎక్కువ పోసినట్లుండారమ్మా. నువ్వొకసారి రావల్ల" అన్నారు. ఆ పిల్ల కుప్పంలో ఉందట, శనివారం వస్తానంది.

అది మంగళవారం. శనివారంలోగా ఆ నీళ్ళు ఎక్కడివో నేనే కనుక్కోవాలని నాకు పంతం వచ్చింది. ఆ పిల్ల వచ్చి, వేలుతో తాకి, "ఇదీ సార్" అంటే, ఈయన ఆ ముఖం వైపు చూసే చూపు నేను చూడదలుచుకోలేదు.

స్కూలు నుంచి రాగానే పుస్తకం ముందరేసుకున్నాను. డబ్బాలో గీత వరకు నీళ్ళు పోసి, పాత పేపరు మీద పెట్టి, అన్నం వండేంతసేపు వదిలేశాను. చూస్తే పేపరు మీద ఒక పక్క తడి మరక. మూత తీసి చూస్తే రబ్బరు వాషరు ఒకచోట పైకి లేచి ఉంది. దాని కింద తెల్లగా సున్నంలాగా గట్టిగా పట్టింది. డిస్టిల్డ్ వాటర్ అలా పట్టదు. అత్తమ్మను అడిగితే, "పోయిన వారం నువ్వు స్కూల్లో ఉండగా ఆ నీళ్ళు అయిపోయినాయని వాడే బోరునీళ్ళు పట్టుకున్నాడు. అడగాకు, కోపం జేసుకుంటాడు" అంది. అడగలేదు. వెనిగరు కలిపిన నీళ్ళలో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, వాషరు సరిగ్గా కూర్చోబెట్టాను. మళ్ళీ నీళ్ళు పోసి పెడితే ఈసారి పేపరు పొడిగానే ఉంది.

కానీ బుధవారం పొద్దున గొట్టంలో మళ్ళీ నీళ్ళు. డబ్బా కారడం లేదు, మరి ఇవెక్కడివి? బస్సులో పోతూ అదే ఆలోచన. గురువారం ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపలి చుక్కలన్నీ నా చేతి మీద పడ్డాయి. అప్పుడు తట్టింది. వెచ్చటి తడిగాలి చల్లటి గొట్టంలోకి వస్తోంది. మదనపల్లె చలికి కిటికీ పక్కనుంచి వేలాడే ఆ గొట్టం మంచులా ఉంటుంది. ఆవిరి అక్కడే నీళ్ళవుతోంది. తడిగుడ్డ పెట్టేటప్పుడు తగలకూడదని అత్తమ్మ మిషనును పై అరలో పెట్టించింది కాబట్టి, ఆ నీళ్ళన్నీ కిందికి, నేరుగా ఆయన ముక్కులోకి. మిషనును మంచం కంటే తక్కువ ఎత్తున్న స్టూలు మీదికి దింపాను. తేమ ఆరులో ఉంటే నాలుగుకు తగ్గించాను. బస్సులో కప్పుకునే నా ఉన్ని శాలువను నిలువుగా కత్తిరించి, గొట్టం పొడవునా తొడుగు కుట్టాను. కత్తెర పెట్టేటప్పుడు ఒక్క క్షణం ఆగాను. ఈ మనిషి నిద్ర కోసం నా శాలువ కూడానా అనిపించింది. అయినా కత్తిరించాను. ఆ పిల్ల మీద గెలవాలి.

శుక్రవారం చుక్క నీరు లేదు. తొంభై ఏడు మార్కులు. ఆయన ఇడ్లీ తుంచుకుంటూ, "అమరావతి ఫోన్లో ఏదో మార్చినట్లుండాదిమా. ఆడి నుంచే మార్చొచ్చంట" అన్నారు అత్తమ్మతో. నేను డబ్బా కడిగి బోర్లించి బస్సుకు పోయాను.

శనివారం మధ్యాహ్నం అమరావతి వచ్చింది. నేను స్కూలు నుంచి అప్పుడే వచ్చి, కాఫీ ఇచ్చి, తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఆ పిల్ల స్టూలు చూసింది, డబ్బా మూత తీసి వాషరు చూసింది, తొడుగును చేత్తో నిమిరింది.

"ఇది ఎవురు కుట్టింది సార్? మిషనును కిందికి దింపింది ఎవురు?"

"నువ్వే కదమ్మా ఫోన్లో ఏదో మార్చింది."

"నేనేం జెయ్యలేదు సార్. ఈ పని నేనొచ్చి చేద్దామనుకొన్యా. అంతా అయిపోయుండాది."

ఆయన నా వైపు చూశారు. నేను మాట్లాడాలనుకున్నాను. నాలుగు రోజులుగా దాచుకున్న మాటలు. కానీ కుర్చీలో కూర్చున్న ఆ రెండు నిమిషాల్లోనే నా కళ్ళు మూతపడ్డాయి. నా గురక శబ్దానికి నేనే ఉలిక్కిపడి లేచేసరికి ఇద్దరూ నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆమెకు ఎప్పుడూ అంతే. కూచుంటే నిద్ర" అని ఆయన నవ్వారు.

అమరావతి నవ్వలేదు. నా దగ్గరికొచ్చి కింద చాప మీద కూర్చుంది. "అక్కా, పొద్దున లేస్తే తల నొస్తాదా? నోరు ఎండిపోతాదా?"

నేను తలూపాను. ఎన్నేళ్ళుగా అని అడిగితే చెప్పలేకపోయాను. ఆ పిల్ల మా ఆయన వైపు తిరిగింది. "సార్, అక్క పండుకున్నప్పుడు ఊపిరి ఆగతాందా?"

"నాకేం తెల్సు? నేను నిద్రలో ఉంటా కదా" అన్నారాయన.

ఆయన అబద్ధం చెప్పలేదు. మామూలుగానే అన్నారు, బస్సు ఎన్ని గంటలకని అడిగితే తెలియదన్నట్టు. ఆ మాట విని నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఎనిమిదేళ్ళు నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. నా ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు. నేను ఈర్ష్యపడ్డ ఈ పిల్ల ఒక్కతే అడిగింది, అదీ ఇరవై నిమిషాల్లో.

"పరీక్ష ఎప్పుడు చేస్తారు?" అన్నాను.

"ఒక రాత్రి ఆస్పత్రిలో పండుకోవాల అక్కా. వచ్చే శుక్రవారం ఖాళీ ఉండాది."

"శుక్రవారం వస్తా. రాసుకో."

"శనివారం పొద్దున ఇంట్లో పని?" అని ఆయన అంటూ ఉంటే, నేను నా పేరు, వయసు చెప్పాను. అమరావతి రాసుకుంది.

పరీక్ష అయిన వారానికి డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి కాగితం చూపించింది. నాకు గంటకు నలభై ఒక్కసారి ఊపిరి ఆగుతోందట. ఆయనకు అప్పట్లో ముప్పై మూడు. "ఆమెకు నాకంటే ఎక్కువా? ఇంకోసారి సూడండి మేడమ్" అన్నారాయన. ఆ గొంతులో ఉన్నదేమిటో నేను వెంటనే గుర్తుపట్టాను. నాలుగు నెలలుగా నా కడుపులో ఉన్నదే. డాక్టరమ్మ ఇంకోసారి చూడలేదు. నాకూ మిషను రాసింది.

బయటికి వచ్చి స్కూటరు దగ్గర నిలబడ్డాం. ఆయన జేబులోంచి తాళంచెవి తీశారు. తర్వాత నిజంగానే దిగులుగా, "రెండు మిషన్లంటే నీకు కష్టమైతాది బీనా. పొద్దున్నే రెండూ కడిగి బస్సు యెట్ల అందుకుంటావు?" అన్నారు.

"రెండు కడగను. నాది నేను కడుక్కుంటా. మీది మీరు."

"నాకు రాదు కదా అది."

"రేపు చర్చి నుంచి వచ్చినాక నేర్పిస్తా" అన్నాను. "ఒక్కసారే."