సగం పేరు

కుక్కపిల్లే అనుకుంది మాలకొండమ్మ. అనుకోదా మరి! అల్లూరు అవతల సరుగుడు తోపులో దొరికినప్పుడు దానికి కళ్లే తెరుచుకోలేదు. వాలిన చెవులు, మసిరంగు ఒళ్లు, రొమ్ము మీద తెల్లమచ్చ. మొగుడు పోయాక గొర్రెల మందతో ఒంటరిగా తిరిగే మనిషి, మేకపాలు గుడ్డతో పట్టి, 'తోడు' అని పేరు పెట్టుకుంది.

కళ్లు నీలంగా విచ్చాయి. చెవులు నిక్కాయి. వానలు మొదలయ్యేసరికి నీలం పోయి కళ్లు పచ్చబడ్డాయి, తెల్లమచ్చ మాయమైంది. పక్కమంద కాసే మరిది మాల్యాద్రి చూసి పగలబడి నవ్వాడు.

"సగం పేరే పెట్టినావు వదినా. మిగతాది అదే కలుపుకుంటాది. తోడు కాదు, తోడేలు!"

"నీ నోట్లో మన్ను పడ! పోవయ్యా," అంది. చెబితే వినే రకమా ఆవిడ?

రెండో ఏడు చలికాలంలో తోపులోంచి ఊళ వినిపిస్తే, అది బదులు ఊళ వేసి వెళ్లిపోయింది. అయినా ఆమె పిలిస్తే చాలు, తోపు అంచుకు వచ్చి చేయి నాకి పోయేది. ఆమె మందను ఎన్నడూ ముట్టలేదు. మాల్యాద్రి మందలో మాత్రం గొర్రెపిల్లలు మాయమయ్యాయి. వాడి కడుపు మండింది. ఉచ్చు పెడితే పడలేదు. చివరికి, పాపిష్టివాడు, తోపు దగ్గర నిలబడి ఆడగొంతుతో "తోడూ!" అని పిలిచాడు. తోక ఊపుకుంటూ వచ్చింది. గొడ్డలితో కొట్టాడు.

అరుపు విని మాలకొండమ్మ పరుగెత్తుకొచ్చి ఒళ్లోకి తీసుకుంది. దాని చన్నులు పాలతో బిగిసి ఉన్నాయి.

"నేను పెట్టిన పేరే నిన్ను చంపె గదమ్మా!" అని గుండెలు బాదుకుంది.

పిల్లలున్న బొరియ వెదికి పట్టుకుంది. ఈసారి ఇంటికి తేలేదు. పాలు మరిచేదాకా గిన్నెలో మేకపాలు పెట్టి, మాటైనా ఆడకుండా వచ్చేసేది. తర్వాత మగతోడేలు తెచ్చి కక్కే మాంసం తినడం నేర్చుకున్నాయి. అయినా ఆమె కనిపిస్తే కాళ్లకు చుట్టుకునేవి. మాల్యాద్రికి తెలిసిన పిలుపు ఒక్కటే. వాడు మళ్లీ అలాగే పిలిస్తే ఇవీ వెళతాయేమోనని ఆమె భయం.

ఒకరోజు పొద్దున్నే ఒడినిండా మట్టిపెళ్లలు వేసుకుని వెళ్లింది.

"తోడూ!" అంది. గంతులేస్తూ వచ్చాయి. పెళ్ల విసిరింది. "తోడూ!" మళ్లీ విసిరింది. "ఆ మాట వినపడితే పారిపోవాల! పోండే, పోండి!" అంటూ భోరున ఏడ్చింది.

రొమ్ము మీద తెల్లమచ్చ ఇంకా పోని పిల్ల ఒకటి ఆగి, వెనక్కి తిరిగి, తోక ఊపింది.

మాలకొండమ్మ వంగి రాయి అందుకుంది.