పూజలో పెట్టిన చర్చి పుస్తకం

పాండిచ్చేరి ఊరు మొత్తంలో ఆంగ్లో-సాక్సన్ల, అంటే వెనకటి ఇంగ్లీషువాళ్ళ, చర్చి చరిత్రను అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. తోలు అట్టతో నూరేళ్ళు దాటిన ఆ పుస్తకం నటేశన్ నగర్‌లో మా పక్కింటి రామభద్రరావుగారిది. యానాం నుంచి ఉద్యోగం మీద వచ్చిన మనిషి. 1979లో ఆయన మంచం పట్టి, చూపు పోయేనాటికి చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. అది వినాలని ఆయన కోరిక.

ఆ రోజు సరస్వతీ పూజ. వాళ్ళింట్లో పుస్తకాలన్నీ, దాంతో సహా, పీట మీద పెట్టేశారు. మర్నాడు మళ్ళీ పూజ చేసేదాకా వాటిని ఎవరూ తెరవకూడదు. డాక్టరేమో తెల్లవారేదాకా నమ్మకం లేదన్నాడు.

“రేపటిదాకా ఆగుదాం అన్నయ్యా,” అంది ఆయన భార్య లలితకుమారి.

“మనం ఆగుతాం సరే, ఆయన ఆగాల గదమ్మా. ఇట్లా ఇయ్యి, నేను చదువుతా. ఇంగ్లీషు నాకొక లెక్కా ఏంది.”

ఆవిడ చాలాసేపు పీట ముందు నిలబడింది. చివరికి దండం పెట్టుకుని, అట్ట మీది కుంకుమ కొంగుతో తుడిచి, పుస్తకం నా చేతికిచ్చింది.

ఇక దాచేదేముంది, నేను చదివింది పల్లె బడిలో ఐదో తరగతి. ఇంగ్లీషులో నా పేరు కూడా రాయలేను. పేజీలు తిప్పుతూ నోటికొచ్చింది చెప్పాను. ఒక బిషప్పు పడవ మునిగితే చేపలే ఆయన్ని ఒడ్డుకు చేర్చాయనీ, అది చూసి రాజు చేపలు తినడం మానేశాడనీ.

“అందులో అది లేదు ధనపాల్. అయినా చెప్పు,” అన్నాడాయన.

చెప్పాను. దీపాలు పెట్టే వేళకు ఆయన పోయాడు.

మీకు చెప్పినదాంట్లో ఇంకా నేను కల్పించింది ఆయన అన్న ఆ మాట ఒక్కటే. ఆయన ఏమీ అనలేదు. నేను అట్ట మూసేదాకా నా చెయ్యి మాత్రం వదల్లేదు.