బొట్టు పెట్టిన రాయి

ఫారెస్టు రేంజర్ బెస్తల వలల కుప్ప మీద కిరసనాయిలు పోయించాడు. చెన్నూరు కింద గోదావరి ఒడ్డున బెస్తలందరూ చూస్తుండగానే అగ్గిపుల్ల గీశాడు. ఐలవ్వ మగడు సాంబయ్య ఉండబట్టలేక మంటలో చెయ్యి పెట్టి తన వల లాగబోయాడు. రేంజర్ ఆ చేతిని బూటుతో నిప్పుల్లోకే తొక్కాడు. సాంబయ్య కేక అవతలి ఒడ్డు దాకా వినిపించింది.

"గిది రక్షిత మడుగు. గీడ చేపను ముట్టుకుంటే జైలే," అన్నాడు రేంజర్.

వీళ్లు చేపలను కాపాడతారట! తొలకరికి గుడ్ల చేప ఎదురెక్కి వచ్చే ఆ మడుగులో తాతల నాటి నుంచీ బెస్తలెవరూ వల వేయరు. గుడ్లతో ఉన్న చేప ఇంకెక్కడ చిక్కినా కళ్లకద్దుకుని నీళ్లలో వదిలేస్తారు. నిరుడు ఆఫీసర్లు వచ్చి చేప గుడ్లు పెట్టే చోటేదని అడిగితే చూపించింది ఐలవ్వే. వాళ్లు నాటిన మొదటి హద్దు రాయికి పసుపు రాసి బొట్టు పెట్టిందీ ఆమే. పాపం, మడుగుకు తోడు దొరికిందనుకుంది. ఆ రాళ్లు మడుగు దగ్గర ఆగలేదు, బెస్తల రేవునంతా మింగాయి.

వలలు ఇంకా పొగలు కక్కుతుండగానే ఇసుక కాంట్రాక్టర్ పొక్లెయిన్ వచ్చింది. రేంజరే రేవు దారికి అడ్డంగా కట్టిన గొలుసు తీసి దారి ఇచ్చాడు. వరద రాకముందే ఉన్నంత ఊడ్చుకోవాలని కాంట్రాక్టర్ తొందర. బకెట్ లేచినప్పుడల్లా ఇసుకతో పాటు గుడ్లతో ఉన్న బొచ్చె చేపలు ఒడ్డున పడి, పొట్టలు పగిలి కొట్టుకున్నాయి.

"మా వలకు జైలు, గా మిషన్‌కు సలామా సారూ?" అని అడిగింది బెస్తల్లోంచి దేవవ్వ.

"దానికి పర్మిషన్ ఉన్నది."

బెస్తలు అక్కడే గుమిగూడారు. సంఘం పెద్ద మల్లన్న, "జర ఆగుండ్రి, కలెక్టర్‌కు దరఖాస్తు పెడుదాం," అన్నాడు.

"అది సదివేదాంక మడుగుంటదా?" దేవవ్వ విరుచుకుపడింది. "పులి పేరు జెప్పి గూడేలు ఖాళీ జేయించిండ్రు. ఇప్పుడు చేప పేరు జెప్పి మనల!"

ఐలవ్వ మగని కాలిన చేతికి కొంగు చింపి చుట్టి లేచింది. "బొట్టు పెట్టింది నేనే. పీకేది నేనే."

ఆడా మగా ఆమె వెంట కదిలారు. ఆ రాయిని పెకిలించి లారీల దారికి అడ్డంగా దొర్లించారు. చచ్చిన చేపలను దాని ముందు కుప్పపోసి కూర్చున్నారు. పోలీసులు వచ్చి కుళ్లబొడిచారు. నెత్తురోడుతున్న ఐలవ్వను జుట్టు పట్టి జీపులోకి ఈడ్చారు.

"మీ లీడర్ పోయింది. ఇగ లేవుండ్రి," అన్నాడు ఎస్సై.

మల్లన్న ఒక్కడే లేచాడు. గడ్డపార అందుకుని రెండో రాయి మొదట్లో దించాడు.

కదులుతున్న జీపులోంచి ఐలవ్వ అరిచింది.

"లోతుకు కొట్టు మల్లన్నా!"