మక్క మొలకలు

తెలంగాణ రాష్ట్రమొచ్చిన ఏడాది, ఒక పొద్దున టీ గ్లాసులు కడుగుతుంటే ముందర గదిలోంచి మా ఆయన సంజీవ మాట వినబడ్డది. "మా అరుంధతి ఉద్యమం కోసం పీహెచ్‌డీనే త్యాగం చేసింది." వచ్చినోళ్లంతా మెచ్చుకున్నరు. నా చెయ్యి నల్లా కిందనే ఆగిపోయింది.

నేనేం త్యాగం చేసిన?

మూడేండ్ల కిందటి సకల జనుల సమ్మె నాటికి నా పీహెచ్‌డీల ఆఖరి ప్రయోగమొక్కటే మిగిలింది. మొక్కల్లో ఫైటోక్రోమ్ అని ఒక రంగు పదార్థం ఉంటది. వెలుగొచ్చిందని మొలకకు చెప్పేది అదే. దాన్ని తీసి, ఎర్రకాంతిలో ఎట్ల మారుతదో చూడాలె. చీకట్ల పెరిగిన మొలకల్లోనే అది నిండుగ ఉంటది, వెలుగు తగిలితే గంటల్లో తరిగిపోతది. యూనివర్సిటీ బందైంది గనక జనగామ ఇంట్లనే, స్టోర్‌రూమ్ కిటికీకి నల్లగుడ్డ కొట్టి మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, మొలకేసిన. మొలకలను అంతగ తాకని మసక పచ్చలైటు పట్టుకొని పోయి నీళ్లు చిలకరించేదాన్ని. పాలిపోయి, సన్నగ, పొడుగ్గ లేచినయి. చూస్తే కడుపు నిండేది. మా గైడ్ మనోరమ మేడం తను రిటైరయ్యే లోపల బండి పంపి, నా కోసం ల్యాబ్ తెరిపిస్తనన్నది.

బండి వచ్చే పొద్దున రోడ్డు మీద వంటావార్పు నిరసన. కూరగాయలు కోస్తున్న. తెలంగాణ నాకూ కావాలె, ఇష్టంగనే కోసిన. లేచి వచ్చేసరికి స్టోర్‌రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలున్న బ్యానర్ల కోసం సంజీవ వాళ్లు తెల్లారంగనే తీసిండ్రంట. మొలకల మీద ఎండ. అప్పటికే పచ్చబడ్డయి.

"తలుపు తియ్యొద్దని చెప్పిన గద," అన్న.

"మక్కలే గద, మళ్ల ఏసుకో," అన్నడు సంజీవ. "అక్కడ పోరగాళ్లు పానాలిస్తున్నరు."

"సీకటి అర్రల ఏం సదువో," అన్నది అత్తమ్మ. "జర చాయ్ పెట్టు బిడ్డా, అందరు కూసున్నరు."

పానాల ముందు మక్కలెంత? చాయ్ పెట్టిన. వచ్చిన బండి ఖాళీగనే పోయింది. మళ్ల మొలకేద్దామంటే ఇంటికొచ్చేటోళ్ల వంట, అత్తమ్మ మోకాళ్లు, మా బిడ్డ అక్షిత జ్వరం. మేడం రిటైరైంది. గడువు దాటి నా రిజిస్ట్రేషన్ రద్దయింది. రాష్ట్రమొచ్చిన రోజు నేనూ రంగులు చల్లుకున్న, ఏడ్చిన. అందరు సంతోషమనుకున్నరు. సగం నిజమే.

వచ్చినోళ్లు పోయినంక సంజీవ దగ్గర నిలబడ్డ.

"త్యాగమంటే ఇచ్చేది. నేనియ్యలే. నన్నెవరూ అడగలే."

ఆయన పేపర్ దించిండు. "గిప్పుడు ఆ ముచ్చటెందుకు?"

తెల్లారి యూనివర్సిటీకి పోయిన. పాత రిజిస్ట్రేషన్ బతకదు, మొదటి నుంచి రావాలన్నరు ఆఫీసుల.

"మొదటి నుంచే వస్త," అన్న.