ఏప్రాన్ కట్టిన వకీలు

"ఆ ఫోటో చూస్తే ఈ సంబంధం పోతాది. నేను చెప్తాండా, పోతాది," అంది సర్వరీ బేగం. పెళ్లిమాటలకు రావలసినవాళ్లు ఆ అరబ్బు నగరంలోనే ఇంకో పేట దార్సైట్‌లో ఇంకా బయల్దేరనే లేదు.

ఫోటోలో ఉన్నది ఆమె మామగారి తాత. పోయిన శతాబ్దంలో కడప నుంచి మద్రాసు వెళ్లి పేరు మోసిన వకీలు. నల్లకోటు మీద తెల్లటి ఏప్రాన్, మెడలో గొలుసుకు కంపాసు, మూలమట్టం. మేస్త్రీల పనిముట్లే గుర్తులుగా పెట్టుకునే ఫ్రీమేసన్ల రహస్య సంఘానికి, వాళ్ల లాడ్జికి, పెద్ద అయిన రోజు తీయించుకున్నాడు. అక్కడ దొరలు, షావుకార్లు, ముసల్మానులు ఒకరినొకరు అన్నదమ్ములని పిలుచుకునేవారట. లోపలి సంగతి కట్టుకున్న భార్యకి కూడా చెప్పకూడదట. తలుపులు మూసుకుని ఏం చేస్తారో తెలియక జనం ఆ బంగళాకి జాదూఘర్, మంత్రాల ఇల్లు, అని పేరు పెట్టారు.

"ఈ కాలంలో జాదూ ఎవరు నమ్ముతారే?" అన్నాడు భర్త నసీరుద్దీన్. రూవిలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఆయన.

"అందరూ నమ్ముతారు! దీన్ లేనోళ్ల, మతం తప్పినోళ్ల ఇల్లంటారు. వీసా ఇచ్చిన అర్బాబ్ చెవిన పడితే మన పిల్లోడు అజ్మత్ డ్యూటీ పోతాది, వీసా పోతాది. మనందర్నీ ఎత్తి ఓడలో పడేస్తారు."

"ఓడలోనా? విమానం టికెట్టు కూడా ఇయ్యరా?"

ఆమెకి నవ్వు రాలేదు. గోడ మీది ఫోటోకి చున్నీ కప్పింది. కప్పితే ఇంకా అనుమానమని తీసేసింది. ఇంతలో తలుపు తట్టారు.

పిల్ల తండ్రి ఇనాయత్ సైట్‌లో ఫోర్‌మన్. వెనకే అతని తల్లి ఇక్బాలున్నీసా. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. ఇనాయత్ కూర్చోకుండానే గోడ దగ్గరికి నడిచాడు.

"ఎవరు భాయ్, ఈయన?"

నసీరుద్దీన్ నోరు తెరిచేలోపే సర్వరీ అందుకుంది. "మా మామగారి తాత. మేస్త్రీ. పెద్ద మేస్త్రీ."

"మూలమట్టం మెడలో ఏసుకున్న మేస్త్రీనా!" ఇనాయత్ ముఖం వెలిగిపోయింది. "మా సైట్లో నాకొడుకులు దాన్ని యాడ పారేసినారో రోజూ ఎతుక్కుంటారు."

"కోటేసుకుని సున్నం పని చేసినాడా?" అంది ముసలామె. "ఏం కట్టినాడు?"

మద్రాసులో ఆ వకీలుకి సంబంధించి సర్వరీకి తెలిసిన కట్టడం ఒక్కటే. "హైకోర్టు," అనేసింది.

నసీరుద్దీన్‌కి పొలమారింది. "కట్టలేదమ్మా, అందులో వాదించినాడు," అన్నాడు దగ్గు ఆపుకుంటూ. ఇక దాచి లాభం లేదని లాడ్జి సంగతంతా చెప్పాడు. లాడ్జిలోని ఒక పత్తి వ్యాపారి చనిపోతే అతని తమ్ముళ్లు వదినని ఇంట్లోంచి వెళ్లగొట్టారు. లాడ్జి అన్నదమ్ముల పెళ్లాంబిడ్డల్ని కాపాడతానని వకీలు అంతకుముందే అక్కడ ప్రమాణం చేశాడు. ఫీజు లేకుండా ఆమె తరఫున వాదించాడు. జనం ఆ విధవకీ ఆయనకీ రంకు కట్టారు. ప్రమాణం సంగతి ఒక్క ముక్క చెబితే నోళ్లు మూతపడేవి. చెప్పలేదు. భార్య అలిగి పుట్టింటికి పోయినా చెప్పలేదు. దావా గెలిచాక వెళ్లి తీసుకొచ్చుకున్నాడు, అప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక కాగితాల్లో దొరికితేనే ఇంట్లోవాళ్లకి తెలిసింది.

"మేస్త్రీ అని నేనే అబద్ధమాడినా," అంది సర్వరీ, చున్నీ కొస నలుపుతూ. "భయమైంది. మా పిల్లోడికి ఏ జాదూ తెలీదు. డ్యూటీ, రూము, అంతే."

ఇనాయత్ తల్లి వైపు చూశాడు. ఇక్బాలున్నీసా చూపు ఫోటో మీదే ఉంది. ప్లేటులో హల్వా ముట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. కింద రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. అయిపోయింది, లేచి చెప్పులేసుకుంటారు, రేపటికి దార్సైటంతా తెలిసిపోతుంది అనుకుంటూ సర్వరీ గుమ్మం వైపే చూస్తోంది. ముసలామె చేతిలో తస్బీహ్ పూసలు ఒక చుట్టు తిరిగాయి. రెండో చుట్టూ తిరిగాయి.

"వకీలు పెళ్లాం, ఆ మహాతల్లి, అన్నీ మింగుకుని తిరిగొచ్చింది," అంది చివరికి ఇక్బాలున్నీసా. "మా పిల్ల అట్ల మింగేది కాదు. యాడికి పోయినావు, ఎందుకు పోయినావు అని అడుగుతాది. మీవోడు చెప్పి తీరాల. దానికి ఒప్పుకుంటే నిఖాకు తారీఖు చూడండి."