సగంలో ఆపిన ప్రార్థన

పెద్ద ఫాదర్ మోకాలి ఆపరేషన్ చేయించుకుని కోలుకునేదాకా చర్చి చూసుకోవడానికి వచ్చిన చిన్న ఫాదర్‌కి ఆ ఊళ్ళో అదే ఆఖరి రోజు. మర్నాడు పొద్దున్నే రైలు. పెట్టె సర్దుకుంటూ ఉంటే టైలరక్క గుమ్మంలో వచ్చి నిలబడింది. వీధిలో ముసలివాళ్ళకి కూడా ఆవిడ అక్కే.

ఆవిడని చూడగానే ఆయన ప్రాణం ఉసూరుమంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పెళ్ళి ఊసెత్తకుండా పక్కపక్కన కుట్టుమిషన్లు వేసుకుని బతికారు. చెల్లెలు పోయాక ఆమె మిషన్ దానంతటదే నడుస్తోందని, ఒక్కసారి వచ్చి ప్రార్థన చెయ్యమని అక్క వెంటపడుతోంది. దుఃఖంలో అలాగే ఉంటుందమ్మా అంటూ ఆయన దాటేస్తూ వచ్చాడు.

"రేపు వెళ్ళిపోతున్నారటగా. ఇవాళైనా రండి ఫాదర్. మళ్ళీ అడగను" అంది.

ఇక తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

ఇంటి అరుగు మీద, పెళ్ళాంపిల్లలతో అదే ఇంట్లో ఉంటున్న ఆవిడ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. "అక్కకి పిచ్చి పట్టింది. మీరైనా గట్టిగా చెప్పండి ఫాదర్. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాం" అన్నాడు.

అక్క తన మిషన్ ముందుగదిలోకి మార్చుకుంది. లోపలి గదిలో చెల్లెలి మిషన్ ఒక్కటే ఉంది. తొక్కినా చక్రం తిరక్కుండా దాని తోలు బెల్టు అక్కే విప్పేసి మేకుకి తగిలించింది. ఫాదర్ అది కళ్ళారా చూసుకుని, ముందుగదిలోకి వచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు.

రెండో పేజీలో ఉండగా లోపల మిషన్ చప్పుడైంది. టకటకమని కొంతసేపు కుట్టింది. బట్ట తిప్పుకునేంతసేపు ఆగింది. మళ్ళీ నడిచింది. చివర్న, ఎవరో పళ్ళతో దారం పుటుక్కున తెంపారు.

అక్క ఆ గది వైపు చూడనే లేదు. ఆయన మొహంలోకే చూస్తోంది.

"వినపడిందా?"

ఎలకలనవచ్చు. పక్కింటి చప్పుడనవచ్చు.

"వినపడిందమ్మా."

ఆవిడ కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"పంపించెయ్యమంటారా?" అన్నాడాయన.

"అయ్యో, ఎక్కడికి పంపిస్తారు? దానికి నేను కాక ఎవరున్నారు? నాకు మతి పోలేదని ఒక్కరైనా అంటారనే మిమ్మల్ని పిలిచాను."

ఫాదర్ పుస్తకం మూసేసి బయటికి వచ్చాడు.

"చెప్పారా?" అని లేచాడు తమ్ముడు.

"నేనూ విన్నాను బాబూ."

అతను నవ్వుతాడనుకున్నాడు ఫాదర్, లేదంటే కోప్పడతాడనుకున్నాడు. అతను లోపలికి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "దారం తెంపడం కూడానా?"

"మరి ఆవిణ్ణి పిచ్చిదని ఎందుకన్నావు?"

"ఒప్పుకుంటే ఈ ఇంట్లో కంటిమీద కునుకు పడుతుందా ఫాదర్? చిన్నపిల్లలున్నారు."

"వెళ్ళి అక్కతో చెప్పు."

అతను గడప దగ్గర చాలాసేపు తటపటాయించి, చివరికి లోపలికి వెళ్ళాడు. "అక్కా" అన్న పిలుపు ఒక్కటే బయటికి వినిపించింది.

సాయంత్రం పెద్ద ఫాదర్ చేతికర్ర పొడుచుకుంటూ గదిలోకి వచ్చి కూర్చున్నాడు. "టైలరక్క ఇంట్లో ప్రార్థన అయిందా నాయనా?"

"సగంలో ఆపేశాను."

"మిగతాది నన్ను చెయ్యమంటావా?"

"వద్దు. అప్పుడప్పుడు వెళ్ళి వాళ్ళతో కాసేపు కూర్చోండి, చాలు."

పెద్ద ఫాదర్ ఆయన మొహం చూసి, కారణం అడగలేదు. లేచి వెళ్ళబోతుంటే, "ఇంకాసేపు ఉండండి ఫాదర్" అన్నాడు చిన్న ఫాదర్.