కట్టేసిన కుళాయి

ముందు గుమ్మంలో నిలబడి గది మొత్తం ఒక ఫోటో తీయాలి. ఆ తర్వాత నాలుగు మూలల నుంచి. తర్వాత ఒక్కో వస్తువుకీ దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి. కొలతలు రాయాలి, పటం గీయాలి. ఇవన్నీ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోకూడదు.

పోలీసుల తరఫున ఫోటోలు తీసే ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయికి ఈ పాఠం కంఠతా వచ్చు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. గుమ్మంలోంచి మొదటి ఫోటో తీసి వంటింట్లోకి అడుగుపెట్టింది. సింకు నిండి పొర్లుతోంది, కుళాయి సన్నగా కారుతోంది. గ్లవుజు తొడిగిన చేయి దానంతట అదే వెళ్ళి కట్టేసింది. వీధి కుళాయి దగ్గర బకెట్ల వరసలో పెరిగిన చేయి మరి. కట్టినట్టు ఆమెకే తెలియలేదు.

ఆ ఇంట్లో ఉండే కుట్టుపని అక్క నేల మీద వెల్లకిలా పడి ఉంది. తల పక్కన రక్తం. పొద్దుట్నుంచీ ఆమెకి కళ్ళు తిరుగుతున్నాయని, తను దారం కొనడానికి వెళ్ళొచ్చేసరికి పడి ఉందని, భయమేసి గుమ్మం దాటలేదని ఆమె తమ్ముడు చెప్పాడు. నాడి చూసి ప్రాణం లేదని చెప్పిన డాక్టరు, ఇంకేదీ ముట్టలేదన్నాడు.

శవాన్ని లేపారు. చుట్టూ నీళ్ళున్నా వీపు కింద నేల పొడిగా ఉంది. ఇన్‌స్పెక్టరు కళ్ళు మెరిశాయి.

"ఈవిడ పడ్డాకే నీళ్ళు పొర్లాయి. మరి కుళాయి ఎవరు కట్టారు? దానికేమైనా చేతులొచ్చాయా? తమ్ముడుగారు గుమ్మం బాగానే దాటారన్నమాట."

బయట తమ్ముణ్ణి జీపు వైపు నడిపిస్తున్నారు. కుళాయి కట్టింది తన చెయ్యేనని అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. ఆమెని ఎవరూ అడగలేదు, అడగరు కూడా. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. ఇంట్లో అందరి ఆశా ఆ ఉద్యోగం మీదే.

"సార్, కట్టింది నేనే."

ఇన్‌స్పెక్టరు కెమెరా అడిగి తీసుకున్నాడు. మొదటి ఫోటోని పెద్దది చేస్తే కుళాయి కింద తెల్లటి దారంలా నీటి ధార కనిపించింది.

"ఇది నీ చేత్తోనే రిపోర్టులో రాయాలమ్మా. పైవాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను."

రాస్తానంది.

తమ్ముణ్ణి జీపు దగ్గర్నుంచి వెనక్కి పిలిచారు. అతను కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు.

"నీళ్ళు మా అక్క మొహం మీదికి రాలేదు కదండీ?"

"రాలేదు అన్నా," అంది. అది నిజమే.

ఆ అమ్మాయి ఉద్యోగం ఏమైందన్నది తర్వాతి సంగతి. మీ ఇంట్లో కారుతున్న కుళాయి కట్టేటప్పుడు మాత్రం, కట్టకుండానే వెళ్ళిపోయిన ఆ కుట్టుపని అక్కని ఒక్కసారి తలుచుకోండి.